వంక లేని స్థలం

టౌన్ ప్లానింగ్‌లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. పుస్తకాల్లో లేనిది ఏదైనా చెప్పమంటారు. రూల్సు వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. నేను రూల్సు పుస్తకాన్ని ఊగే టేబుల్ కాలు కింద పెట్టుకున్నానని ఆఫీసులో ఒక పుకారు ఉండేది. అది పచ్చి అబద్ధం. కాలు కింద ఉన్నది పాత టెలిఫోన్ డైరెక్టరీ. రూల్సు పుస్తకం నా కుర్చీ మీద ఉండేది, నేను కొంచెం పొట్టివాణ్ణి.

అనంతపురం జిల్లాలో, పుట్టపర్తికి పోయే దారిలో ఉన్న ఒక మునిసిపాలిటీలో నా ఉద్యోగం చాలా ఏళ్ళు గడిచింది. ఊరి పేరు చెప్పను. అక్కడ నాకు ఇంకా బంధువులున్నారు, పెళ్ళిళ్ళకు పోవాలి.

ఈ ఉద్యోగం ఏమిటంటే

ఇల్లు కట్టేవాడి దృష్టిలో మనం అడ్డంకి. వాడి పక్కింటివాడి దృష్టిలో మనం అమ్ముడుపోయినవాళ్ళం. ఇద్దరూ ఒకేసారి తిడుతున్నారంటే పని సరిగ్గానే జరుగుతోందని అర్థం. ఒక్కడే తిడుతుంటే ఎక్కడో తేడా వచ్చినట్టు, వెళ్ళి చూసుకోవాలి.

నాకు పని నేర్పింది నరసింహులు గారనే పెద్దాయన. నేను చేరిన మొదటిరోజే ప్లాను చేతిలోంచి లాక్కున్నారు. "ఇది ఇంటికి పోయి చూసుకో. ముందు స్థలం చూడాల. అదీ ఎనకపక్క నుంచి. ముందరపక్క అందరూ పౌడరు పూసుకోనే ఉంటారప్పా" అన్నారు. అప్పటినుంచి నేను ఏ ఇంటికి పోయినా పెరటి గోడ పక్కనుంచే పోయేవాణ్ణి. కుక్కలు నన్ను ఎన్నిసార్లు తరిమాయో చెప్తే మీరు ఈ ఉద్యోగం మానేస్తారు.

ఇంకో సూత్రం కూడా ఆయనదే. కొత్త గోడకు గూడు కట్టి అందులో దేవుడి పటం పెట్టి ఉంటే, ఆ గోడ తప్పకుండా పరాయి స్థలంలో ఉన్నట్టే. సొంత జాగాలో కట్టుకున్నవాడు దేవుణ్ణి ఇంట్లో పెట్టుకుంటాడు. ఒకాయన తన మేడమెట్లు రోడ్డు మీదికి దింపి, మెట్టుమెట్టుకూ ఒక పటం ఆనించి పెట్టాడు. గడ్డపారలతో వెళ్ళిన మా కూలీలు చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. నరసింహులు గారు టెంకాయ తెప్పించి కొట్టారు, హారతి ఇచ్చారు. ఆ తర్వాత పటాలన్నీ ఒక్కొక్కటే తీసి ఇంటాయన చేతుల్లో పేర్చారు. "సామిని లోపలికి పిల్చకపో నాయనా, ఈడ దుమ్ము లేస్తాది" అన్నారు. మధ్యాహ్నానికి మెట్లు లేవు. ఆ ఇంటాయన మాతోపాటే కూర్చుని టెంకాయ చిప్పలు తిన్నాడు.

వంక పక్కన కాలనీ

నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. తొంభైల చివరినుంచి మా ఊరు ఉన్నట్టుండి పెరగడం మొదలుపెట్టింది. శెనక్కాయ పండని చేలల్లో ప్లాట్లు పండాయి. పుట్టపర్తికి పోయే జనం కోసం లాడ్జీలు లేచాయి. ఖాళీ జాగా కనబడితే చాలు, ఎవరో ఒకరు ముగ్గు పోసి పునాది గీతలు గీసేవారు.

ఊరికి దక్షిణాన ఒక వంక ఉంది. తెలియనివాళ్ళకు చెప్తున్నాను, వంక అంటే వాన పడితే పారే ఏరు. మా పక్క వాన పడటమే తక్కువ కాబట్టి, ఏళ్ళ తరబడి అందులో ఇసుకే ఉంటుంది. జనం నడుస్తారు, బండ్లు పోతాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు. కానీ ఎప్పుడో ఒకసారి కొండల మీద గట్టి వాన పడితే, ఒక్క పూటలో మనిషెత్తు నీళ్ళొచ్చి పోతాయి. మర్నాటికి మళ్ళీ ఇసుకే.

ఆ వంక పక్కనే పల్లంలో ఒక కాలనీ. చిన్న ఉద్యోగులు, నేతపనివాళ్ళు, ఆటోలు తోలేవాళ్ళు కట్టుకున్న ఇళ్ళు. వాళ్ళకొక సంక్షేమ సంఘం ఉండేది. అధ్యక్షురాలు సుభద్రమ్మ, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందికి ఇంజక్షన్లు చేసింది కాబట్టి ఆమెను చూస్తే సగం ఊరికి ఒళ్ళు ముడుచుకుపోయేది. కార్యదర్శి ఖాసీం, దర్జీ. వంకకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది సుభద్రమ్మ ఇల్లే. ఆమె ఇంట్లో చేరిన ఏడాది వంక వచ్చి, వాకిట్లో కింది మెట్టు తడిపి పోయింది.

ఇక ఓబులేసు. పొలాలు, కాంట్రాక్టులు, ఎలక్షన్లు అన్నీ ఉన్న కుటుంబం. మంచి మాటకారి. అతను సరిగ్గా ఆ వంకకు అడ్డంగా కల్యాణ మండపం, దానిమీద నాలుగంతస్తుల లాడ్జి, చుట్టూ రాతిగోడ కడతానన్నాడు. ఆ గోడ లేస్తే, వంక వచ్చిననాడు నీళ్ళకు పోయే దారి ఉండదు. పక్కకు తిరిగి కాలనీలోకి వస్తాయి. మొదట సుభద్రమ్మ ఇల్లు, ఆ తర్వాత వరసగా అన్నీ. ఇది అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు.

ఒక్క మాట దగ్గర వచ్చిన చిక్కు

అప్పుడే మాకు కొత్త కమిషనర్ గారు వచ్చారు. కోస్తాలో కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషి. నిజాయితీపరుడు. అటెండరును కూడా "అండీ" అనేవారు. ఇంత మర్యాదగా మాట్లాడుతున్నాడంటే మనసులో ఏదో పెట్టుకున్నాడని మావాళ్ళు కొన్నాళ్ళు ఆయనకు దూరదూరంగా తిరిగారు.

కాలనీవాళ్ళు అర్జీ ఇచ్చారు. రాసింది ఖాసీం. మర్నాడు కమిషనర్ గారు నన్ను పిలిచి ఆ కాగితం చూపించారు.

"ఏంటండీ ఇది? స్థలంలో వంక ఉంది, వంక ఉంది అని నాలుగుసార్లు రాశారు. ఏం వంకో ఒక్కచోటా రాయలేదు. వంకలు పెట్టడం ఎవరికైనా సులువేనండీ. సరైన కారణం చెప్పమనండి."

నేను నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన తప్పేమీ లేదు. వంక అంటే ఆయనకు లోపం, లేకపోతే సాకు. మాకూ ఆ అర్థం తెలుసు, కానీ మాకు ముందు ఇసుక గుర్తొస్తుంది. పేపర్లో "వాగులూ వంకలూ పొంగాయి" అని ఆయనా చదివే ఉంటారు. అక్కడ వంక వాగుతో జంటగా, నిండా నీళ్ళతో కనబడుతుంది. ఒంటరిగా, ఎండిపోయి, నడుమ ఎద్దులబండి పోతుంటే ఆయన గుర్తుపట్టలేకపోయారు.

"సార్, వంక అంటే వాగే" అన్నాను.

"నేను మొన్న అటువైపు వెళ్ళానండీ. నీళ్ళేవి?"

"ఇప్పుడు లేవు సార్."

"ఎప్పుడొస్తాయి?"

"చెప్పలేం సార్."

"నీళ్ళు లేవు. ఎప్పుడొస్తాయో తెలీదు. జనం నడిచి వెళ్తున్నారు. దాన్ని మా వైపు రోడ్డంటారండీ."

ఊరి పాత సర్వే పటం తీశాను. అందులో పక్కపక్కన రెండు గీతలు ఉన్నాయి. దారికీ అవే గీతలు, వంకకూ అవే గీతలు. నడుమ రాసిన అక్షరాలను చెదలు భోంచేశాయి. పైగా ఓబులేసు అంతకుముందే వచ్చి తన మాట తాను చెప్పిపోయాడు. "అది బండ్లదారి సార్. కాలనీవాళ్ళు ఊరికే వంకలు పెడతాండారు. మీ ప్లానింగాయన కూడా వాళ్ళ మనిషే" అన్నాడట. ఇక నేను ఏం చెప్పినా వంక పెట్టినట్టే.

చివరికి కమిషనర్ గారు గురువారం, మా పక్క మాటలో బేస్తవారం, స్వయంగా వచ్చి, స్థలం చూసి, అక్కడే తేల్చేస్తానన్నారు.

మూతికి తాళం

బుధవారం సాయంత్రం సుభద్రమ్మ ఇంటి అరుగు మీద సంఘం కూర్చుంది. అధికారిగా నేను అక్కడ ఉండకూడదు. ఆమె టీ బాగా పెడుతుందని వెళ్ళాను. టీ తాగడానికి చెవులు మూసుకోనక్కర్లేదు కదా.

కమిషనర్‌కు అందరం కలిసి గట్టిగా చెబుదామన్నాడు ఖాసీం. సుభద్రమ్మ ఒప్పుకోలేదు.

"మనం చెప్తే వంక పెడతాండామంటాడు. చెప్పొద్దు. బేస్తవారం పొద్దున్నించి ఆ సార్ తిరిగిపోయేదాకా మన కాలనీలో ఎవురి నోట్లోనూ ఆ మాట రాకూడదు. వాళ్ళ నోట్లోనే రావాల."

"వాళ్ళేమిటికి అంటారక్కా?" అన్నాడు ఖాసీం.

"ఓబులేసు ఈడ పుట్టినోడప్పా. ఈ వంకలో ఈత కొట్టినోడు. వంక అనకుండా ఎంతసేపుంటాడు?"

"అక్కా, నువ్వే అంటివి గదా."

"బేస్తవారం నించి అంటి గదప్పా."

మర్నాడు కాలనీవాళ్ళు పడిన పాట్లు ఖాసీం తర్వాత నాకు చెప్పాడు. పొద్దున్నే బండిమీద కూరగాయలమ్మే ఆమె "వంకాయలో" అని కేక పెడితే నలుగురు పరిగెత్తుకెళ్ళి నోరు మూయించారట. ఖాసీం భార్య బేరం ఆడుతూ "ఆ నల్లటివి ఎంత?" అని అడిగిందట. ఇంతమంది ఒక్క మాట మీద నిలబడటం ఆ సంఘం చరిత్రలో అదే మొదటిసారి. మామూలుగా వాళ్ళు కొళాయి ఎక్కడ పెట్టాలో కూడా తేల్చుకోలేరు.

ఇసుక

కమిషనర్ గారి జీపు డ్రైవరు గుత్తి నుంచి కొత్తగా వచ్చినవాడు, మా జిల్లావాడే గానీ ఊరు కొత్త, దారి తప్పాడు. నేను వెనక సీట్లో కూర్చుని ఏమీ ఎరగనట్టు ఉన్నాను. కమిషనర్ గారు సెల్‌ఫోన్ తీసి ఓబులేసుకు కలిపారు. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు ఊళ్ళో నలుగురైదుగురి దగ్గరే ఉండేవి. అవతలి మనిషి ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా అరవాలని ఓబులేసు నమ్మకం. అతని మాటలు జీపులో అందరికీ వినబడ్డాయి.

"నీళ్ళ ట్యాంకు కాడుండారా సార్? ఆడ ఎడమకు తిప్పి వంకలోకి దిగమనండి. వంకెంబడే నేరుగా వచ్చేయండి. ఇసుక గట్టిగానే ఉండాది, బండి దిగబడదు."

కమిషనర్ గారు ఫోను జేబులో పెట్టుకుని నా వైపు చూశారు. కాలనీవాళ్ళ మీదున్న నిషేధం నాకు వర్తించదు. అయినా వడ్డించిన విస్తరి ముందు మాటలెందుకని ఊరుకున్నాను.

"వంకలోకి దిగమంటున్నాడండీ. అదెక్కడ?" అని ఆయన డ్రైవరును అడిగారు.

"ఇదే గద సార్" అంటూ అతను జీపును ఇసుకలోకి దించాడు. ఓబులేసు చెప్పినంత గట్టిగా లేదు. చక్రాలు దిగబడ్డాయి. కమిషనర్ గారు బూట్లతో ఆ "రోడ్డు" మీద నడిచి వెళ్ళారు. రెండుసార్లు ఆగి బూట్లు దులుపుకున్నారు.

స్థలంలో ఓబులేసు, అతని మనుషులు ఒకపక్క. కాలనీ అంతా ఇంకోపక్క, పెళ్ళిచూపులకు కూర్చున్నంత బుద్ధిగా.

"ఓబులేసు గారూ, ఫోన్లో మీరూ వంక అన్నారే" అన్నారు కమిషనర్ గారు.

ఓబులేసు తడబడలేదు. "ఊరికే అట్ల పిలుస్తాం సార్. పేరంతే. మా ఊళ్ళో కోటవీధి అని ఉండాది. ఆడ కోట ఉండాదా?"

జవాబు బాగుంది. నేనే మెచ్చుకున్నాను, శత్రువైనా సరే. కమిషనర్ గారు తల ఊపి కాలనీవాళ్ళ వైపు తిరిగారు. "మీరేమంటారండీ?"

"మేమేమంటాం సార్. ఆయప్పే చెప్తాడు" అంది సుభద్రమ్మ. ఖాసీం నోట్లో ఆ మాట గిలగిల కొట్టుకుంటోంది. పాపం, పెదవులు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

కమిషనర్ గారు ఫైలు తెరిచి పెన్ను తీశారు. తమాషా చేద్దామని పోయి కాలనీని ముంచేశామా అనిపించింది. ఆ సంతకం పడితే ఆ గోడ లేస్తుంది. గోడ లేస్తే ఆ ఇళ్ళకు దిక్కు లేదు.

అప్పుడు సుభద్రమ్మ మెల్లగా నడిచి వెళ్ళి, అనుమతి రాకముందే ఓబులేసు పోయించిన పునాదుల పక్కన ఉన్న ఇసుక కుప్పలోంచి ఒక పిడికెడు తీసింది. వేళ్ళతో నలిపి చూసింది. మొహం చిట్లించింది.

"కడితే కట్టుకో ఓబులేసూ. గాని ఈ ఇసుకతో వద్దు. అంతా మట్టి కలిసినట్టుండాది. రేప్పొద్దున పెండ్లిలో స్లాబు పడితే ఎవురు జవాబు చెప్పాల?"

ఓబులేసు మొహం ఎర్రబడింది.

"మట్టా? ఎవురన్నారు మట్టని? ఈ వంక ఇసుక మాదిరి ఇసుక జిల్లాలోనే లేదు. కావాలంటే ఉరవకొండ దాకా పోయి చూసి రా. ఈ వంక పారితే కొండమీద రాయంతా పొడి చేసి తెచ్చి ఈడ పోస్తాది. నా చిన్నప్పుడు వచ్చిన నీళ్ళకు మా నాయన గొర్లమందే కొట్టకపోయె. అట్లాంటి నీళ్ళు కడిగిన ఇసుక ఇది. మట్టంట, మట్టి."

కమిషనర్ గారు చాలా మర్యాదగా అడిగారు, "ఆ నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయండీ?"

ఓబులేసు ఇంకా ఆ వేడిలోనే ఉన్నాడు. చెయ్యి తలపైకి ఎత్తి, "ఈడికి సార్" అన్నాడు.

అన్నాక ఆ చెయ్యి దించడం మరచిపోయాడు. కమిషనర్ గారు పెన్నుకు మూత పెట్టారు. కాలనీవాళ్ళు ఒక్కసారిగా "వంక, వంక" అని మొదలుపెట్టారు. పొద్దున్నుంచి బిగబట్టుకున్నదంతా బయటికొచ్చింది. అనుమతి రాలేదు. పోసిన పునాదులు కూడా తవ్వేయించారు.

ఓబులేసు చెడ్డవాడేమీ కాదు. లాడ్జి తర్వాత మిట్టమీద కట్టాడు, ప్రారంభానికి నన్నూ పిలిచాడు. "ఆయమ్మ ఇసుకను అనకపోయింటే నేను నోరు తెరిచేవాడినా?" అని భోజనాల దగ్గర కూడా బాధపడ్డాడు. ఇందులో మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. మనవాళ్ళ చేత అబద్ధం చెప్పించవచ్చు. వాళ్ళ వంకను వాళ్ళ చేత తక్కువ చేసి మాట్లాడించలేం.

సంఘం వంతు

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. చాలామంది రిటైరైనవాళ్ళు ఇక్కడే ఆపుతారు.

గెలిచిన తర్వాత ఆ సంఘానికి ఎదురులేకుండా పోయింది. ఎవరు మేడ వేసినా అర్జీ, ఎవరు ప్రహరీ లేపినా అర్జీ. మల్లెపందిరి మీద కూడా ఒక అర్జీ వచ్చింది. కొన్నేళ్ళకు సుభద్రమ్మ, ఖాసీం ఒక ప్లాను పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. సంఘానికి ఒక హాలు కట్టుకుంటారట. స్థలం దగ్గర "పల్లపు ఖాళీ జాగా" అని రాసి ఉంది. వంక అన్న మాట ఎక్కడా లేదు.

నేను వెనకపక్క నుంచి వెళ్ళి చూశాను. హాలు సగం వంకలో ఉంది. గోడ మోకాలెత్తు కూడా లేవలేదు, అప్పుడే గూడు కట్టి దేవుడి పటం పెట్టేశారు.

"కుదరదమ్మా" అన్నాను.

"చిన్న హాలప్పా. ఆడోళ్ళు కూర్చోడానికి" అంది సుభద్రమ్మ. "వంక వచ్చి ఎన్నేండ్లాయె? ఈ కరువులో ఇంకేం వస్తాది?"

"ఓబులేసు కూడా ఇదే గదమ్మా చెప్పింది. నీకూ ఆయప్పకూ తేడా ఏముండాది?"

ఆమె మొహం తెల్లబోయింది. ప్లాను చుట్టుకుని వెళ్ళిపోయింది. గోడ వాళ్ళే తీసేశారు. కానీ ఆ తర్వాత ఆ అరుగు మీద నాకు టీ దొరకలేదు. ఖాసీం కుట్టిన చొక్కాకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చాయి. అడిగితే, ఇంటిచుట్టూ ఖాళీ వదలమని మేం చెప్పే మాటే నాకు అప్పజెప్పి, "సెట్‌బ్యాక్ వదిలినా సార్" అన్నాడు.

మన ఉద్యోగంలో దీనికి సిద్ధంగా ఉండండి. నిన్న న్యాయం అడిగినవాళ్ళే రేపు మినహాయింపు అడుగుతారు. వాళ్ళ మీద గౌరవం ఉంచుకోండి. టేపు మాత్రం పట్టుకెళ్ళండి.

వంక వచ్చిన పొద్దు

నేను రిటైర్ కావడానికి కొంచెం ముందు, ఒకరోజు తెల్లారేసరికి కొండల మీద ఆకాశం నల్లగా ఉంది. నేను మొహం కడుక్కుంటుంటే ఖాసీం సైకిల్ మీద వచ్చాడు.

"సార్, అక్క పిల్చకరమ్మనింది. బిన్నా రా" అని తొందరపెట్టాడు.

కాలనీ చేరకముందే మోత వినబడింది. వంక వచ్చింది. ఎర్రటి నీళ్ళు గట్టునుంచి గట్టుకు పారుతున్నాయి. తుమ్మచెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. కాలనీవాళ్ళంతా మెట్లమీద, మిద్దెలమీద నిలబడి చూస్తున్నారు. సుభద్రమ్మ తన వాకిట్లో పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ఉంది. నీళ్ళు ఆమె ఇంటి కింది మెట్టును తాకుతూ పోతున్నాయి. రెండో మెట్టు పొడిగా ఉంది.

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఇన్నేళ్ళ తర్వాత ఆమె నాతో మాట్లాడింది.

"ఆడ చూడు. ఆ కంపచెట్టు గిర్రున తిరుగుతాండాదే, ఆడే మా హాలు."

"అవునమ్మా."

"నువ్వు ఒప్పుకొనింటే ఈ నీళ్ళు ఇట్ల తిరిగి ఇండ్లల్లోకే వచ్చింటాయి. పండుకోనుంటిమి అందరం."

నేను పళ్ళెం ఒకపక్క పట్టుకున్నాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఉద్యోగంలో నేను ఆపిన కట్టడాలు చాలా ఉన్నాయి. ఎందుకు ఆపానో కళ్ళారా చూసింది ఆ ఒక్కరోజే.

ఆమె పసుపు, కుంకుమ నీళ్ళలో వేసి దండం పెట్టుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"తప్పు నాదే. ఒప్పుకుంటా. గాని నన్ను తీసకపోయి ఓబులేసు పక్కన నిలబెడితివి చూడు, అది మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను."

"మర్చిపోవద్దు తల్లీ" అన్నాను. "సంఘంలో ఒకరికన్నా గుర్తుండాల."